బెర్లిన్‌లో డాక్టర్ విర్కో కోసం రెండు రోజులు

మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్లు కాలవల వెంట తిరిగినవాణ్ణి. మ్యూనిక్‌లో ఉండే మా అబ్బాయి "బెర్లిన్‌లో ముందు ఏం చూద్దాం నాన్నా?" అంటే విర్కో పేరే చెప్పాను. కణం నుంచే కణం పుడుతుందని చెప్పినవాడిగా మనం బడిలో చదువుకున్న రుడాల్ఫ్ విర్కో (1821–1902) ఆయనే. ఆ ఊరికి భూగర్భ డ్రైనేజీ కోసం పోరాడిన కౌన్సిలరూ ఆయనే.

ఎక్కువసేపు గడిపింది షారిటే ఆసుపత్రి ఆవరణలోని వైద్య చరిత్ర మ్యూజియంలో. మెయిన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, సోమవారం సెలవు. 1899లో విర్కో స్వయంగా తెరిచింది. అప్పట్లో ఇరవై వేలకు పైగా నమూనాలుండేవట, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు చాలావరకు పోయాయి. గాజు సీసాలో కోసి తెరిచిన ఒక పిత్తాశయం, లోపల బొబ్బర గింజల్లా కిక్కిరిసిన రాళ్లు. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం ఆలోచించుకోండి, పుట్టుకలోనే వికృతమైన శిశువుల నమూనాలున్నాయి.

1848లో, అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలోని అప్పర్ సైలీషియా ప్రాంతంలో పేల వల్ల వ్యాపించే టైఫస్ జ్వరం విజృంభిస్తే, ప్రభుత్వం విర్కోని పంపింది. అప్పటికి 26 ఏళ్లు. మందుల జాబితా రాసి ఊరుకోలేదు. ఆ జనానికి కావలసింది చదువు, స్వేచ్ఛ, బతుకుతెరువు, ప్రజాస్వామ్యం అని నివేదిక ఇచ్చాడు. ఆ తర్వాత నగర కౌన్సిల్, ప్రష్యా శాసనసభ, జర్మనీ పార్లమెంటు రైష్‌టాగ్. 1865లో ప్రష్యా ప్రధాని బిస్మార్క్ ద్వంద్వయుద్ధానికి పిలిస్తే ఒప్పుకోలేదు.

దగ్గర్లోనే కార్ల్‌ప్లాట్స్‌లో ఆయన స్మారకం ఉంది. స్ఫింక్స్ అనే పురాణ మృగంతో పెనుగులాడే వీరుడి విగ్రహం పైన, విర్కో ముఖం మాత్రం కింద పీఠం మీద. నాకు నచ్చలేదు. టైం లేకపోతే వదిలేయండి. షోనెబర్గ్ శ్మశానంలోని సమాధికి మాత్రం వెళ్లండి, చెట్ల నీడన ప్రశాంతంగా ఉంటుంది. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల సమాధులూ అక్కడే ఉన్నాయి.

బస విషయంలో దెబ్బతిన్నాం. లిఫ్ట్ ఉందని రాసిన లాడ్జిలో అది పనిచెయ్యలేదు, నాలుగో అంతస్తు. చెప్పుకుందామంటే రిసెప్షన్‌లో మనిషే లేడు, తాళం కోసం ఒక కోడ్ అంతే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రైళ్లకు మాత్రం పేరు పెట్టలేం. రోజు టికెట్ తీసుకుంటే ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు, కాగితం టికెట్ అయితే ఎక్కేముందు మెషీన్‌లో ముద్ర వేయించాలి.

చివరి సాయంత్రం ష్ప్రే నది ఒడ్డున ఒక పాత ఇటుకల పంపుహౌస్ దగ్గరికి వెళ్లాం. ఇప్పుడక్కడ నాట్యాలు, కచేరీలు జరుగుతాయి. ఒకప్పుడు అది మురుగు తోడే పంపుహౌస్. డ్రైనేజీ కోసం ఇంజనీర్ హోబ్రెహ్ట్ నగరాన్ని 12 భాగాలు చేశాడు. ఒక్కో భాగంలోని మురుగు ఒక పంపుహౌస్‌కు చేరి, అక్కణ్ణుంచి ఊరి బయటి పొలాలకు పోయేది. ఆ పథకానికి కౌన్సిల్‌లో అండగా నిలబడింది విర్కో. అబ్బాయి ఫొటో తీస్తానంటే, పక్కనున్న మ్యాన్‌హోల్ మూత కూడా పడేలా తియ్యమన్నాను.