కీళ్ల నొప్పులతో యోగా యాత్ర: ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి

కీళ్ల నొప్పులకు యోగా నేర్చుకుందామని బయల్దేరేవాళ్లు ముందు ఆశ్రమం పేరు చూస్తారు, తర్వాత గది అద్దె చూస్తారు. అసలు చూడాల్సింది గదికీ యోగా హాలుకీ మధ్య ఎన్ని మెట్లున్నాయన్నది. మోకాళ్లు అరిగినవాళ్లకు మెట్లు దిగడమే పెద్ద పరీక్ష. రెండో అంతస్తులో గది ఇచ్చి రోజుకు నాలుగుసార్లు కిందికి రప్పిస్తే, పొద్దున ఆసనాలతో దొరికిన సుఖం మధ్యాహ్నానికే పోతుంది. ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి ఇవి: కింది అంతస్తులో గది ఇస్తారా, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, భోజనం బల్ల మీదా నేల మీదా, కుర్చీలో కూర్చుని చేసేవాళ్లకు విడిగా క్లాసు ఉందా. చివరిదానికి "అందరూ కలిసే చేస్తారండీ, మీకు వచ్చినంత చేయండి" అన్న జవాబు వస్తే ఆ చోటు వదిలేయడం మేలు.

లోనావ్లాలోని కైవల్యధామను స్వామి కువలయానంద 1924లో స్థాపించారు. యోగాను ప్రయోగశాలలో పరీక్షించి చూడాలన్న పట్టుదలతో మొదలైన సంస్థ అది. ఆ చూపు ఇప్పటికీ అక్కడి చికిత్సలో ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు పుణెలో దిగి లోనావ్లా లోకల్ ఎక్కితే గంటన్నరలోపే చేరవచ్చు. పెట్టె బరువుగా ఉన్నా, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కలేకపోయినా పుణె నుంచే కారు మాట్లాడుకోవడం మంచిది. ఆ వంద మెట్ల శ్రమ మూడు రోజులు వెంటాడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కుండపోత వానలు, దారులు నాచు పట్టి జారతాయి. కర్ర పట్టుకుని నడిచేవాళ్లకు అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా సరైన కాలం. తెల్లవారుజామున చలి ఉంటుంది కాబట్టి మోకాళ్లకు ఉన్ని తొడుగులు తీసుకెళ్లాలి.

పుణెలోనే మోడల్ కాలనీ దగ్గర 1975లో మొదలైన రమామణి అయ్యంగార్ స్మారక యోగా సంస్థ ఉంది. గోడకు బిగించిన తాళ్లు, చెక్క ఇటుకలు, బెల్టులు, గట్టి దిండ్లు, వీపు తీసేసిన ఇనుప కుర్చీలు, ఇవన్నీ వాడి ఒంటి బరువు కీలు మీద పడకుండా ఆసనం వేయించడం బి.కె.ఎస్. అయ్యంగార్ పద్ధతి. వంగని మోకాలికి ఇంతకంటే ఓపికైన పద్ధతి లేదని మా నమ్మకం. అయితే బస మనమే చూసుకోవాలి. ముందుగా రాసి, రిపోర్టులు పంపి, అనుమతి తెచ్చుకోకుండా రైలెక్కకూడదు.

బెంగళూరు దక్షిణాన జిగని దగ్గరున్న ప్రశాంతి కుటీరంలో (ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం) ఉండి చికిత్స తీసుకునే ఆరోగ్యధామ ఉంది. ఆసనాలకు సమానంగా విశ్రాంతికీ అక్కడ చోటుంటుంది. రెండు ఆసనాల మధ్య పడుకోబెట్టి ఒక్కో భాగాన్నీ వదులు చేయించే పద్ధతి నొప్పితో నిద్రపట్టనివాళ్లకు బాగా పనికొస్తుంది. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కు వందేభారత్ ఉంది కానీ అందులో ఎనిమిది గంటలకు పైగా కూర్చునే ఉండాలి. నడవ పక్క సీటు తీసుకుని ముప్పావుగంటకోసారి లేచి నాలుగడుగులు వేయగలిగితేనే అది ఎంచుకోవాలి. లేకపోతే రాత్రి రైల్లో కింది బెర్తు నయం. అరవై దాటిన మగవాళ్లకూ నలభై అయిదు దాటిన ఆడవాళ్లకూ దాని కోటా ఉంది. యశ్వంత్‌పూర్ నగరానికి ఉత్తరం చివర, జిగని దక్షిణం అవతల. ఆ కారు ప్రయాణాన్నీ లెక్కలో వేసుకోవాలి.

నెల్లూరు, తిరుపతి వైపువాళ్లు చెన్నై మందవెల్లి ప్రాంతంలోని కృష్ణమాచార్య యోగ మందిరం చూడవచ్చు. 1976లో టి.కె.వి. దేశికాచార్ స్థాపించిన ఆ సంస్థలో ఒకరికి ఒకరు చొప్పున నేర్పుతారు. గుంపు వేగం అందుకోలేనివాళ్లకు ఇదే సరైనది. ఇక్కడా బస మనదే.

ఖర్చు భరించలేనివాళ్లకు హైదరాబాద్ అమీర్‌పేట-బల్కంపేట వైపున్న ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు కూడా ఉంది. విజయవాడ ఎదుట కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణరాజు ఆరోగ్యాలయం ఉప్పు, నూనె లేని భోజనానికి పేరు పడింది. బరువు తగ్గాల్సిన మోకాళ్లకు అది మేలే. బీపీ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఉప్పు ఒక్కసారిగా మానితే కళ్లు తిరిగే ప్రమాదముంది, కాబట్టి రోజూ బీపీ చూపించుకుని డోసు గురించి డాక్టర్ని అడగాలి. రిషికేశ్‌కు గంగ కోసం వెళ్లండి, కీళ్ల కోసం వద్దు. ఎత్తుపల్లాలు, మెట్లు, కార్లు దాటలేని ఝూలాలు (వేలాడే వంతెనలు), చలికాలపు చన్నీళ్లు అన్నీ కీళ్లకు ఎదురే.

ఎక్కడికి వెళ్లినా పొద్దున అయిదున్నర క్లాసు దగ్గరే చిక్కు వస్తుంది. అరుగుదలతో వచ్చే బిగుసు సాధారణంగా అరగంటలో సడలుతుంది. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఉన్నవాళ్లకు గంట దాటినా వదలదు. ఆ గంటలోనే వంగమంటే నొప్పి పెరగవచ్చు. వేణ్నీళ్ల స్నానం చేసి తొమ్మిదింటికో సాయంత్రం నాలుగింటికో వస్తామని మొదటి రోజే చెప్పేయాలి.

ఇక సాధన. బీహార్ యోగా విద్యాలయం ప్రచారంలోకి తెచ్చిన పవనముక్తాసన మొదటి వరుస చాలాచోట్ల నేర్పుతారు. కాలివేళ్లు ముడిచి చాచడం, చీలమండ ముందుకూ వెనక్కూ వంచడం, చీలమండ గుండ్రంగా తిప్పడం, మోకాలు ముడిచి చాచడం, పిడికిలి, మణికట్టు, మోచెయ్యి, భుజం తిప్పడం. పుస్తకంలో ఒక్కోటి పదిసార్లు అని ఉంటుంది. నొప్పి ఉన్నవాళ్లు అయిదుతో మొదలుపెట్టి నాలుగు రోజులకోసారి ఒకటి పెంచుకోవాలి. నేల మీద కాళ్లు చాపి కూర్చోలేకపోతే పద్దెనిమిది అంగుళాల ఎత్తు కుర్చీ చాలు, పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. చాచేటప్పుడు ఊపిరి పీల్చడం, ముడిచేటప్పుడు వదలడం. ఊపిరి బిగబట్టారంటే చేయగలిగిన దానికంటే ఎక్కువ చేస్తున్నట్టే.

మోకాలు అరిగినవాళ్లు వజ్రాసనం, పద్మాసనం, గొంతుకూర్చోవడం మానాలి. భోజనం తర్వాత వజ్రాసనం అందరికీ మంచిదని వరసగా కూర్చోబెట్టే చోట్లున్నాయి, అక్కడ మొహమాటం లేకుండా కుర్చీ అడగాలి. నిలబడి చేసే ఆసనాల్లో ముందు మోకాలు చీలమండ దాటి ముందుకు పోకూడదు, లోపలికి వాలకూడదు. రుమటాయిడ్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు మెడ పైఎముకల మధ్య పట్టు సడలి ఉండవచ్చు. అందుకే శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, మెడ గుండ్రంగా తిప్పడం వాళ్లకు వద్దు. చేతివేళ్లు వంకరపోయినవాళ్లు అరచేతుల మీద బరువు మోపే ఆసనాల బదులు గోడకు ముంజేతులు ఆనించి చేయవచ్చు. కీలు ఎర్రబడి వేడిగా, వాపుగా ఉన్న రోజున సాగదీయకుండా, నొప్పి లేనంత మేర మెల్లగా కదిపి ఆపేయాలి. ఆసనాల తర్వాత రెండు గంటలు దాటినా నొప్పి తగ్గకపోతే మర్నాడు సగానికి తగ్గించాలి.

మందుల మాట. "ఇక్కడున్నన్నాళ్లూ మాత్రలు మానేయండి" అని ఎవరన్నా వినకండి. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఉపవాస చికిత్సకు ఒప్పుకోకూడదు.

ఎన్ని రోజులుండాలి? వారం చాలదు, పది పద్నాలుగు రోజులు పెట్టుకోండి. మోకాలి అరుగుదల మీద బెంగళూరులో 250 మందితో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో ఫిజియోథెరపీతో పాటు ఒక గుంపుకు యోగా, మరో గుంపుకు వ్యాయామం రెండు వారాలు దగ్గరుండి చేయించారు. తర్వాత మూడు నెలలయ్యేదాకా ఇంట్లో చేసుకోమన్నారు. వ్యాయామం నేర్చుకున్నవాళ్లకంటే యోగా నేర్చుకున్నవాళ్లకు నొప్పీ పొద్దుటి బిగుసూ ఎక్కువ తగ్గాయి. అంటే ఆశ్రమంలో నేర్చుకునేది రెండు వారాలు, ఫలితమిచ్చేది ఇంటి కుర్చీ. అందుకే తిరిగొచ్చే ముందు రోజు గురువుగారి ఎదుట మీ వరుస మొత్తం ఒకసారి చేసి చూపించండి. ఏది ఎన్నిసార్లో, ఏది వద్దో కాగితం మీద రాయించుకోండి. ఆయన సరేనంటే ఫోన్లో వీడియో తీయించుకోండి, అందులో చేస్తూ కనబడాల్సింది మీరు.