ఉడుకునీళ్ల రబ్బరు బ్యాగు: ఏండ్లు వాడినంక నా లెక్క

ముందే చెప్తున్నా, ఈ బ్యాగు నొప్పి పోగొట్టదు. పోతుందని ఆశపడి కొనేవాళ్లు ఆ పైసలు మిగుల్చుకోవచ్చు. ఇది చేసేదల్లా నొప్పిని బతిమాలి గంటో, గంటన్నరో సెలవు ఇప్పించడం. ఆ గంటను దేనికి వాడుకోవాలో ముందే అనుకొని పెట్టుకునేవాళ్లకు ఇంతకంటే మంచి వస్తువు నాకింకా కనబడలేదు. ఊరికే పడుకొని నొప్పి ఎప్పుడు తగ్గుతుందా అని చూసేవాళ్లకు మాత్రం ఇది ఉత్త రబ్బరు తిత్తి.

నాది మర్రిగూడ మండలం దిక్కు ఊరు. చిన్నప్పుడు తాగిందంతా బోరు నీళ్లే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కు లేకుంటే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. మా బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటిపోయినయి. పళ్ల మీద గార బడిలో ఉన్నప్పుడే వచ్చింది. నడుము, మెడ నలభై దగ్గరపడ్డాక బిగుసుకున్నాయి. ఇప్పుడు నల్లగొండలో జిరాక్స్ షాపు నడుపుతున్నా. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ ఒక్కటే తిరగదు, మనిషిని మొత్తం తిరగాలి. ఎముకల్లో చేరినదాన్ని బయటికి తీసే మందు లేదని డాక్టర్లు మొదట్లోనే చెప్పారు. నొప్పి గోళీలు ఏండ్ల తరబడి రోజూ మింగితే కడుపు, కిడ్నీలు ఖరాబవుతాయని కూడా వాళ్లే చెప్పారు. మిగిలింది కాపడం.

మా అమ్మ ఉప్పును పెంక మీద వేయించి, పాత లుంగీ గుడ్డలో మూట కట్టి కాపేది. జిల్లేడాకుకు ఆముదం రాసి వెచ్చబెట్టి మోకాలికి కట్టేది. ఆ సుఖం ఏ రబ్బరుతోనూ రాదు. కానీ ఉప్పు మూట తొందరగా సల్లారుతుంది, మళ్లీ వేయించాలి, నడుముకైతే ఇంకో మనిషి పక్కన కూర్చోవాలి. తెల్లారుజామున నాలుగింటికి నిద్రపోతున్న మనిషిని లేపడం ఎట్లుంటదో రోజూ నొప్పి ఉన్నవాళ్లకే తెలుసు. లేచిన మనిషి ఒక్క మాట కూడా అనదు, అదే ఇంకా కష్టం. ఈ బ్యాగులో నాకు అన్నిటికంటే నచ్చింది వేడి కాదు, ఎవరినీ లేపే పని లేకపోవడం.

నేను వాడేది రెండు లీటర్లు పట్టే మామూలు రకం. మెడికల్ షాపుల్లో మూడు, నాలుగు వందల లోపే దొరుకుతుంది. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గీతలుగా ఉన్నది తీసుకోండి. గీతల వైపు ఒంటికి పూర్తిగా ఆనదు కాబట్టి నీళ్లు పోసిన కొత్తలో ఆ వైపు, కొంచెం సల్లారినంక నున్నటి వైపు. అసలు పరీక్ష మాత్రం మూతకే. మూత కింద సన్నటి వాషర్ ఉంటుంది. నేను చూసినంతలో బ్యాగు పోయేది రబ్బరు చిరిగి కాదు, ఈ వాషర్ ఎండి పగిలి. షాపులోనే మూత విప్పి వాషర్‌ను గోటితో నొక్కండి, మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. గట్టిగా ఉంటే అది చాలా రోజులుగా అల్మారాలో పడి ఉన్న సరుకు. వేళ్లు కూడా బిగుసుకున్నవాళ్లు మూత చెవులు పెద్దగా ఉన్నది ఏరుకోవాలి, లేకుంటే పొద్దున్నే ఆ మూత విప్పడమే ఒక పంచాయితీ.

ఇంకొక సంగతి చాలామంది చూడరు. కొన్ని బ్యాగుల మెడ దగ్గర పువ్వు ఆకారంలో అచ్చు ఉంటుంది. డిజైన్ అనుకుంటాం కానీ మధ్యలో ఉన్న అంకె తయారైన సంవత్సరం, చుట్టూ ఉన్న రెక్కలు నెలలు. రబ్బరు వాడకున్నా ముసలిదవుతుంది. రెండేండ్లకు మించి వాడొద్దంటారు, నేనూ అదే పాటిస్తున్నా. మడత దగ్గర సన్నటి పగుళ్లు కనబడితే రెండేండ్ల దాకా కూడా ఆగను.

నీళ్లు సలసల కాగనివ్వొద్దు. గిన్నె అడుగున బుడగలు లేవగానే దించాలి. మూడింట రెండొంతులు పోసి, బ్యాగును బల్ల మీద మెల్లగా ఒరగబెడుతూ నీళ్లు మూతి దాకా వచ్చినంక మూత బిగించాలి. గాలి లోపల మిగిలితే గుమ్మడికాయలా ఉబ్బి నడుము కింద నిలవదు. కొన్నిటితోపాటు వచ్చే ఊలు తొడుగు చూడ్డానికి బాగుంటుంది కానీ జారుతుంది. మా ఇంటామె పాత టర్కీ టవల్‌తో ఒకటి కుట్టింది, అదే నయం.

మా ఇంటి బోరు నీళ్లు పోస్తే కొన్ని నెలలకే లోపల తెల్లటి పెచ్చు కట్టి, ఊపితే గలగలమంటుంది. అందుకే నల్లా నీళ్లే, అంటే కృష్ణా నీళ్లే పోస్తున్నా. కాగబెడితే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్లు మా చుట్టాల్లో ఇంకా ఉన్నారు. పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని ‘నీరి’ అనే పర్యావరణ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఆ పద్ధతికి పేరే ‘నల్లగొండ టెక్నిక్’. ఫ్లోరైడ్‌తో పళ్లు, ఎముకలు పాడయ్యే మా జబ్బు పేరు ఫ్లోరోసిస్. ఇక్కడి ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పేరు మాకు ముందే దక్కింది, మంచినీళ్లు తీరిగ్గా వచ్చినయి.

షాపుకు నర్సింగ్ కాలేజీ పిల్లలు నోట్సు తెస్తారు. కాపీలు వచ్చేలోపు నేనూ చదువుతుంటా. 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన సిద్ధాంతం అట్లనే కంటబడింది. వెన్నుపాములో నొప్పి కబురుకు ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందట. తాకడం, రుద్దడం వంటి కబుర్లు అక్కడికి చేరితే నొప్పి కబురుకు దారి ఇరుకవుతుందట. దెబ్బ తగిలిన చోట మనం చప్పున రుద్దుకునేది అందుకే. వేడి దానికి తోడు బిగిసిన కండను కూడా వదులు చేస్తుంది. గేటు మళ్లీ తెరుచుకుంటుందని నోట్సులో రాసి లేకున్నా నాకు తెలుసు.

అయితే ఆ గంటను నేను దేనికి వాడుకుంటున్నా?

పొద్దున ఇరవై నిమిషాలు నడుము కింద బ్యాగు పెట్టుకుంటే పెరట్లో కట్టెల పొయ్యి దగ్గర పీట మీద కూర్చోగలుగుతా. ఎత్తు పీటే, నేల మీదికి వంగడం నాతో కాదు. మా ఇంటామె జొన్నరొట్టె కొడుతుంటే ఆ చప్పుడు వినాలి. రొట్టెను పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్ది, తిప్పి, అంచులు నొక్కుతుంటే ఒక పక్క నుంచి పొంగుకుంటూ వస్తుంది. మొదటి రొట్టె నాది. ఎల్లిగడ్డ కారం మీద పల్లీనూనె చుక్కలు. అదే రొట్టె మంచం మీదికి పళ్లెంలో వస్తే సగం రుచి పోతుంది, ఆవిరి పట్టి మెత్తబడుతుంది. ఒక్కోరోజు బ్యాగు పెట్టుకున్నా నడుము వినదు, ఆ రోజు పళ్లెంలోదే తింటా.

సాయంత్రం అయితే పానగల్లు దిక్కు పోయి ఉదయసముద్రం చెరువు కట్ట మీద కూర్చుంటా. ఛాయా సోమేశ్వరాలయం కూడా అక్కడే, కానీ ఆ రాతి మెట్ల మీద కూర్చోవాలంటే కింద ఏదన్నా మెత్తగా ఉండాలి. ఉడుకునీళ్లు పోసిన బ్యాగు మీద ఎట్టి పరిస్థితిలో కూర్చోవద్దు, పగిలితే కాలుతుంది. అక్కడికి వేరే మెత్త తీసుకుపోతా.

బస్సు ప్రయాణంలో దీనికి సాటి లేదు. ఊరికి పోయేటప్పుడు ఖాళీ బ్యాగును సంచిలో పెట్టుకొని, బస్టాండు దగ్గర చాయ్ హోటల్‌లో చాయ్ తాగి, “అన్నా, జర ఉడుకునీళ్లు పోస్తవా?” అంటా. ఇప్పటిదాకా కాదన్న చాయ్‌వాలా లేడు. ఒకసారి కండక్టర్ నా వీపు వెనక బ్యాగును చూసి, “అందరు సల్లనీళ్లు పట్టుకొస్తరు, ఉడుకునీళ్లు మోసుకపోవుడేందన్నా?” అన్నాడు. సంగతి చెప్తే మా అమ్మకూ గిట్లనే అని ముందు సీటు ఖాళీ చేయించాడు. వెనక సీట్లో గతుకులకు ఏ బ్యాగూ ఆగదు.

మరి ఎండాకాలం? నల్లగొండ మే నెలలో ఉడుకునీళ్ల బ్యాగు తీస్తే ఇంట్లో నవ్వుతారు. “బయట ఎండ సాల్తలేదా?” అని మా ఇంటామె మాట. ఆ రెండు నెలలు తెల్లారుజామున తప్ప వేడి పెట్టను. మధ్యాహ్నం అదే బ్యాగులో రంజన్ నీళ్లు, అంటే మట్టికుండ నీళ్లు పోసి మెడ కింద పెట్టుకుంటా. బ్యాగు ఒకటే, పని రెండు. ఫ్రిజ్ నీళ్లు మాత్రం నాకు పడవు, బిగుతు ఇంకా పెరుగుతుంది. మెడ కింద సల్లటి బ్యాగు, చేతిలో తాటిముంజలు, పైన ఫ్యాను. ఆ టైంలో కరెంటు పోకుంటే ఇంకేం కావాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పెట్టుకొని నిద్రపోవద్దు. నలభై నాలుగు డిగ్రీల వేడి చిన్నదే అనిపిస్తుంది కానీ గంటల తరబడి ఒకే చోట తగిలితే చర్మం కాలుతుంది. రోజూ ఒకే చోట పెడితే అక్కడ గోధుమ రంగు గళ్లు తేలుతాయి. పూర్వం పొయ్యి ముందు కూర్చునే ముసలివాళ్ల పిక్కల మీద కనబడేవి అవే. నాకు నడుము మీద అట్లా మొదలవుతుంటే డాక్టర్ చూసి చోటు మార్చమన్నాడు. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లు పాదాలకు దీన్ని అసలే వాడొద్దు, కాలుతున్నది తెలియదు. కీలు వాచి ఎర్రగా, ముట్టుకుంటేనే వేడిగా ఉంటే దానికీ ఉడుకు పనికిరాదు.

కరెంటుతో వేడెక్కే జెల్ బ్యాగు కూడా కొన్నాళ్లు వాడి చూశా. పొయ్యి వెలిగించే పని లేదు, నిజమే. కానీ అతుకు దగ్గర ఉబ్బడం మొదలైనంక నాకు టెన్షన్ పట్టుకుంది. లోపల నీరు, బయట కరెంటు. ప్లగ్గు తీయకుండా ఒంటికి పెట్టుకునేవాళ్లను చూస్తే భయమేస్తుంది. వేడి కూడా మొదట్లో దండిగా ఉండి తొందరగా పడిపోతుంది, రబ్బరు బ్యాగుది మెల్లగా దిగుతుంది. చేతులు వణికి కాగిన నీళ్లు పోయలేనివాళ్లకు మాత్రం కరెంటుదే మేలు, ఇంకో మాట లేదు.

పాతబడిన బ్యాగును పారేయకండి. మా ఇంటామె దాన్ని కత్తెరతో అరచేయంత ముక్కలు చేసి పెట్టింది. బిగుసుకున్న పచ్చడి సీసా మూత మీద ఒక ముక్క వేసి గీతల వైపు పట్టుకొని తిప్పితే, వేళ్లలో పట్టు లేని నాకు కూడా మూత వస్తుంది. మిక్సీ కింద రెండు ముక్కలు వేస్తే అది గట్టు మీద జరగదు.