రెండంచుల బ్లేడుతో నున్నటి గడ్డం: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. బిరుసు గడ్డం, ఊరికే ఎర్రబడే మెడ ఉన్న నాకు బాగా కుదిరిన బ్లేడు సెవెన్ ఓ క్లాక్ సూపర్ ప్లాటినమ్, అదే నల్ల పాకెట్టు. దాని తర్వాత ఆస్ట్రా సుపీరియర్ ప్లాటినమ్, ఆకుపచ్చ పాకెట్టు. జపాన్ వాళ్ల ఫెదర్‌ని చాలామంది ఆకాశానికెత్తుతారు. పదునులో దాన్ని మించిన బ్లేడు నేనూ చూడలేదు. అయినా రోజూ వాడమంటే వాడను.

ఎందుకంటే నున్నగా రావడానికి కావాల్సింది పదును ఒక్కటే కాదు. వెంట్రుక తెగిన చోట చర్మం మీద నుంచి అంచు ఎంత మెత్తగా జారిపోతుందన్నది ఇంకో లెక్క. ఫెదర్ మొదటి గీతకే గడ్డం ఊడ్చేస్తుంది, కాదనను. కానీ చెయ్యి కాస్త బరువైతే క్షమించదు. ఆఫీసుకి టైమవుతోందన్న టెన్షన్‌లో ఉన్న పొద్దున అలాంటి బ్లేడు నాకొద్దు. పైగా ఒక్క ఫెదర్ ధరకి మన బ్లేడ్లు కొన్ని వస్తాయి. ఆదివారం తీరిగ్గా కూర్చున్నప్పుడు మాత్రం హాయిగా ఉంటుంది.

ఈ రెండంచుల బ్లేడు పద్ధతిలో నాకు నచ్చేది, ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజర్లోనైనా పట్టడం. ఈ రకం బ్లేడుని జనంలోకి తెచ్చిన అమెరికన్ కింగ్ క్యాంప్ జిలెట్ 1903లో అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు ఆ ఏడాది మొత్తానికి అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఇప్పుడు ఏ వీధి కొట్టుకెళ్లినా నాలుగు రకాలు కనిపిస్తాయి. కాట్రిడ్జి రేజర్ (బ్లేడ్లు బిగించిన తల మొత్తం మార్చేది) కొంటే ఆ కంపెనీ చెప్పిన ధరకే కట్టుబడి ఉండాలి. ఇక్కడ ఆ బెడద లేదు. నచ్చకపోతే నష్టం కొద్ది రూపాయలే.

ఒక్కటి గమనించండి, పేరు ఒకటే అయినంత మాత్రాన బ్లేడు ఒకటే అనుకోకూడదు. 1960ల మొదట్లో స్టెయిన్‌లెస్ బ్లేడుతో సంచలనం రేపింది విల్కిన్సన్ స్వోర్డ్. ఆ పేరు ఇండియాలో జిలెట్ కంపెనీ చేతిలో ఉంది, యూరప్‌లో వేరే కంపెనీది. అక్కడి నుంచి చుట్టాలు తెచ్చిన పాకెట్టు, మన కొట్లో కొన్న పాకెట్టు పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. అలాగే చౌకగా దొరికిందని ఊరూ పేరూ తెలియని చోట ఆన్‌లైన్‌లో బ్లేడ్లు కొనకండి. ఒకసారి నాకు వచ్చిన డబ్బాలో బ్లేడ్ల మీద అచ్చు మసగ్గా ఉంది, చుట్టిన కాగితం సరిగ్గా మడత పడలేదు. వాటిలో రెండు వెంట్రుకల్ని కొయ్యకుండా పీకాయి. మిగతావి పెన్సిళ్లు చెక్కుకోవడానికి పనికొచ్చాయి.

ఇక రేజర్. నాది మూడు ముక్కల సాదా సేఫ్టీ రేజర్: పై మూత, కింది పలక, పిడి. కింది పలక అంచు దువ్వెన పళ్లలా ఉండే రకం కాదు, పళ్లు లేకుండా మూసి ఉండే రకం. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. పిడి తిప్పి బిగించినప్పుడు మూత దాన్ని వంచి గట్టిగా పట్టుకుంటేనే అంచు అదరకుండా నిలబడుతుంది. బ్లేడుని పదును లేని పొట్టి వైపుల్లో పట్టుకుని అమర్చండి. బిగించాక లైటు కింద పెట్టి రెండు పక్కలా చూడండి: బయటికి కనిపించే పదును గీత రెండు వైపులా ఒకే వెడల్పులో ఉండాలి. ఒక పక్క సన్నగా, ఒక పక్క మందంగా కనిపిస్తే విప్పి మళ్లీ బిగించాలి. ‘ఈ బ్లేడు ఒక వైపు బాగుంది, రెండో వైపు గీరుతోంది’ అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఇదే. బ్లేడు వంకరగా కూర్చుని ఉంటుంది, నింద కంపెనీ మోస్తుంది.

బ్లేడు కన్నా నీళ్లదే పెద్ద పాత్ర అని నా గట్టి నమ్మకం. మాది బోరు నీళ్ల ఇల్లు. కుళాయి గొట్టం చివర తెల్లగా గట్టు కడుతుంది, బకెట్ అడుగున పొర పేరుకుంటుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నురగని విరిచేస్తాయి. ఎంత రుద్దినా నురగ పైపైన బుడగలుగా వచ్చి, చెంప మీద నిమిషంలో ఎండిపోతుంది. ఎండిన నురగ మీద ఎంత గొప్ప బ్లేడు పెట్టినా గీరుడే. దీనికి నేను చేసే పని చాలా చిన్నది: గడ్డానికి మాత్రం ఫిల్టర్ నీళ్లు ఒక చిన్న గ్లాసుడు పక్కన పెట్టుకుంటాను. బ్రష్ తడపడం, నురగ కట్టడం అంతా దాంతోనే. రేజర్ కడుక్కోవడానికి బోరు నీళ్లు చాలు. ఆ గ్లాసుడు నీళ్లు తెచ్చిన తేడా ఏ ఖరీదైన బ్లేడూ తేలేదు. ఫిల్టర్ లేనివాళ్లు గట్టి సబ్బు మానేసి ట్యూబు క్రీమ్ వాడితే చాలావరకు సర్దుకుంటుంది.

నురగ ఎలా ఉండాలంటే, బ్రష్ తిరగేస్తే మీగడ పెరుగులా అంటుకుని ఉండాలి, పైన తడి మెరుపు కనిపించాలి. బుడగలు కంటికి కనిపిస్తున్నాయంటే ఇంకా కలపాలి. మెరుపు లేదంటే రెండు చుక్కలు నీళ్లు తక్కువయ్యాయి. స్నానం చేశాక గీసుకుంటే సగం పని అయిపోయినట్టే. లేదంటే ముఖం తడిపి రెండు మూడు నిమిషాలు ఆగాలి, వెంట్రుక నీరు పీల్చి మెత్తబడడానికి ఆ టైము పడుతుంది. వేడి నీళ్లే కావాలని లేదు. మే నెలలో నేను చన్నీళ్లతోనే కానిచ్చేస్తాను, ఎండాకాలం చర్మానికి అదే హాయి.

ఇప్పుడు చెయ్యి సంగతి. రేజర్ తలని చెంపకి ఆనించి, పిడిని నేలకి సమాంతరంగా పెట్టండి. అక్కడ బ్లేడు వెంట్రుకని కొయ్యదు. పిడిని మెల్లగా కిందికి దించుతూ చిన్న గీత గీస్తుంటే ఒక చోట గరగరమని చప్పుడు మొదలవుతుంది. మీ రేజర్‌కి అదే సరైన వాలు. అంచు చర్మానికి దాదాపు 30 డిగ్రీల్లో ఉంటుంది, కొలిచే పనిలేదు, చెవి చెబుతుంది. అందుకే ఆ కాసేపు బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేస్తాను. బలం మాత్రం పెట్టకూడదు. పిడిని చివర్లో రెండు మూడు వేళ్లతో పట్టుకుంటే నొక్కాలన్నా నొక్కలేం. రేజర్ బరువు చాలు.

మొదటి విడత వెంట్రుక పెరిగే వైపు, రెండో విడత అడ్డంగా, ప్రతి విడతకీ కొత్త నురగ. నాకు ఆఫీసుకి ఇది చాలు. సెలూన్లో ‘రివర్స్’ అనే ఎదురు విడత పెళ్లిళ్లకీ పండక్కీ మాత్రమే, అదీ చెంపల మీదే. మెడ మీద ఎదురు గీస్తే తెగిన కొస లోపలే వంకర తిరిగి పొక్కులవుతాయి, ఉంగరాల జుట్టు వాళ్లకి మరీను.

మెడ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే గాట్లన్నీ పడేది అక్కడే. చెంప మీద వెంట్రుకలు మర్యాదగా కిందికే పెరుగుతాయి. దవడ కింద ఆ క్రమం పోతుంది. నాకు కుడివైపు పైకి, ఎడమవైపు చెవి దిక్కుగా పక్కకి పెరుగుతాయి, గొంతు గుంట పక్కన చిన్న సుడి కూడా ఉంది. రెండు రోజులు గడ్డం వదిలేసి, వేలి కొసతో నాలుగు వైపులా రాసి చూసుకోండి. ఎటు రాస్తే నున్నగా తగులుతుందో అది పెరిగే వైపు. ఎటు రాస్తే గరుకుగా తగులుతుందో అది ఎదురు. ఆ సుడి దగ్గర నేను గోరంత పొడవు గీతలే గీస్తాను. రెండో చేత్తో చర్మాన్ని కింద కాలర్ ఎముక వైపు లాగి పట్టుకుంటాను. వేళ్లు జారుతుంటే తడి పటిక ముక్కని ఒకసారి రుద్దితే పట్టు దొరుకుతుంది.

పటిక మన సెలూన్లలో అందరికీ తెలిసిందే. అంతా అయ్యాక చన్నీళ్లతో కడిగి ముఖమంతా పటిక రాస్తే, ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ గీరామని అర్థం. కొత్త బ్లేడుకి మార్కులేసేటప్పుడు నేను అద్దం కన్నా ఆ చురుకునే నమ్ముతాను. చూడ్డానికి నున్నగా ఉండి పటికకి మండించిన బ్లేడ్లు ఉన్నాయి, అవి నా జాబితాలోంచి పోయాయి.

బ్లేడు ఎన్నాళ్లు వస్తుందన్నది గడ్డాన్ని బట్టి. నాకు నల్ల పాకెట్టు నాలుగైదు సార్లు నిశ్చింతగా వస్తుంది, రెండోసారి మొదటిసారికన్నా మెత్తగా ఉంటుంది. ఉక్కు కన్నా సుమారు 50 రెట్లు మెత్తనిదైన వెంట్రుక దాన్నెలా పాడుచేస్తుందో 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు సైన్స్ పత్రికలో చూపించారు: అంచు మెల్లగా అరిగి మొద్దుబారడమే కాదు, వెంట్రుక వంగిన చోట లోహం కణాల అమరిక సమంగా లేకపోతే సన్నని పెచ్చు ఊడిపోతుంది. ఒక్కోసారి నిన్న బాగున్న బ్లేడు ఇవాళ ఒక్కసారిగా పీకడం మొదలుపెట్టేది అందుకేనేమో. మొదటిసారి పీకిందంటే చాలు, తీసి పారేయండి, పొదుపు చూసుకోవద్దు. బ్లేడు అంచుని తువ్వాలుతో తుడవొద్దు, కడిగి విదిలిస్తే చాలు. వాడేసినవి చెత్తబుట్టలో వేస్తే చెత్త తీసే మనిషి చెయ్యి తెగుతుంది. పాత పౌడర్ డబ్బా మూతకి సన్నని చీలిక పెట్టుకుని అందులో వేస్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకే బ్రాండు వంద బ్లేడ్ల పాకెట్టు కొనకండి. నాలుగైదు రకాలు తలా ఒక పాకెట్టు తెచ్చుకుని, రేజర్, క్రీమ్, నీళ్లు ఏవీ మార్చకుండా ఒక్కో బ్లేడుకి వారం ఇవ్వండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేని వల్ల బాగుపడిందో తెలియదు. మొటిమలు చీముపట్టి ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగడం మేలు. విమానంలో వెళ్లేటప్పుడు విడి బ్లేడ్లు చేతి సంచిలో పెట్టనివ్వరు, చెకిన్ బ్యాగులో వేయాలి. చేతి సంచి ఒక్కటే ఉంటే ఖాళీ రేజర్ తీసుకెళ్లి, దిగాక అక్కడి కొట్లో ఒక పాకెట్టు కొనుక్కుంటే సరి.