పల్సర్ 150కి పీఈ28 కార్బరేటర్: ఆరేళ్లు, 41 వేల కిలోమీటర్లు

ముందే చెప్పేస్తాను. ఇంజన్‌కి గాలి, పెట్రోల్ కలిపి పంపే ఈ కార్బరేటర్ కొన్నందుకు నేనేమీ బాధపడట్లేదు. కానీ మొన్న మా తమ్ముడు తన బండికి కూడా ఒకటి తెప్పించమంటే మాత్రం వద్దన్నాను.

బండి 2011 పల్సర్ 150, పాత బీఎస్-3 కాలుష్య ప్రమాణంది. విశాఖలో గాజువాక నుంచి పోర్టు వైపు డ్యూటీకి రానూపోనూ ఓ 22 కిలోమీటర్లు, సెలవు దొరికితే ఘాట్ రోడ్లు. 2019లో ఒక షాపులో కార్బరేటర్ కడగమని ఇస్తే, కుర్రాడు తొందరలో లోపలి రబ్బరు డయాఫ్రమ్ చింపేశాడు. కొత్త డయాఫ్రమ్ వేయించుకుంటే అయిపోయేది. కానీ అప్పటికే నాకు బైక్ వీడియోలు చూసే జబ్బు ముదిరింది. కీహిన్ పీఈ28కి నకలు ఒకటి ఆన్‌లైన్‌లో రెండు వేల చిల్లరకి కనిపించింది. దాంతో పాటే కంపెనీ ఎయిర్ బాక్స్ బదులు పెట్టే కోన్ ఫిల్టరు, బెండ్ పైపుతో (ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి పోయే గొట్టం) సహా పొగని పెద్దగా అడ్డుకోని ఫ్రీ ఫ్లో సైలెన్సరు తెప్పించాను. మూడూ ఒకే ఆదివారం బిగించేశాం. అన్నీ ఒకేసారి మారిస్తే తర్వాత వచ్చే రోగం దేనివల్లో చెప్పడానికి దేవుడు దిగిరావాలి. మొదటి తప్పు అదే.

బిగింపే ఓ పూట పట్టింది. పాత ఎక్స్‌లేటర్ కేబుల్ సరిపోలేదు. ఇంజన్‌లోకి దారి తీసే మ్యానిఫోల్డు గొట్టానికి కలపడానికి అడాప్టర్ రబ్బరు కావాల్సి వచ్చింది. పాత కార్బరేటర్ మీద, ఎక్స్‌లేటర్ ఎంత తిప్పామో చూసి స్పార్కుని సర్దడానికి ఉండే ట్రిక్స్ సెన్సరు వైరుకి ఇందులో చోటే లేదు, టేపు చుట్టి పక్కన పెట్టేశాం. చౌక్ లాగాలంటే ఇప్పుడు వంగి కార్బరేటర్ దగ్గరే నాబ్ పైకి లాగాలి. చలికాలం పొద్దున్నే నడుం పట్టేసినవాళ్లకి ఇది చెప్పాల్సిన విషయమే.

కంపెనీ కార్బరేటర్‌కీ దీనికీ అసలు తేడా సైజులో లేదు. కంపెనీదాంట్లో మనం ఎక్స్‌లేటర్ తిప్పితే కార్బరేటర్ లోపల గాలి దారి తెరిచే పిస్టన్ వెంటనే లేవదు. ఇంజన్ ఎంత గాలి లాగుతోందో దాన్నిబట్టి నెమ్మదిగా లేస్తుంది. అంటే మన తొందరని అది కాస్త సర్దుకుంటుంది. పీఈ28లో గాలి దారి తెరిచే స్లైడుని కేబుల్ నేరుగా లాగేస్తుంది, అలాంటప్పుడు అదనంగా పెట్రోల్ చిమ్మే యాక్సిలరేటర్ పంపు కూడా ఉండదు. నాలుగో గేరులో 30 మీద పోతూ ఒక్కసారిగా ఎక్స్‌లేటర్ తిప్పేస్తే బండి గుటక మింగినట్టు ఓ క్షణం ఆగి, తర్వాత లాగుతుంది. ఎంత ట్యూన్ చేసినా ఆ గుటక పూర్తిగా పోదు. చేతికి అలవాటు కావాలంతే.

మొదటి నెల పరిస్థితి ఇదీ: ముందు 48 ఇచ్చిన బండి లీటరుకి 31 ఇచ్చింది. ప్లగ్గులు రెండూ కాటుక పెట్టుకున్నాయి. సిగ్నల్ దగ్గర స్లో (ఎక్స్‌లేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) నిలబడేది కాదు. పెట్రోల్ బంకు దగ్గర పొల్యూషన్ చెక్ చేయిస్తే కార్బన్ మోనాక్సైడ్ 6.1 శాతం. నా బండికి పరిమితి 3.5. ఆ కాగితం చూసి సిగ్గుపడ్డాను గానీ, దాంతో ఒక సంగతి అర్థమైంది. స్లోలో మిశ్రమం ఎలా ఉందో చెప్పే మీటరు ఊళ్లో అందరికీ అందుబాటులోనే ఉంది. తర్వాత స్లో జెట్ (జెట్ అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రమున్న చిన్న మర, స్లోకి ఒకటి, ఫుల్ ఎక్స్‌లేటర్‌కి మెయిన్ జెట్ ఒకటి) మార్చిన ప్రతిసారీ ఆ పొల్యూషన్ చెక్ చేసేవాడి దగ్గరికే వెళ్లాను. "మళ్లీ వచ్చారా సార్" అని నవ్వేవాడు.

పెట్టెలో వచ్చిన జెట్లతో పడ్డ పాట్లు వేరే. కీహిన్ మెయిన్ జెట్ మీది అంకె అంటే రంధ్రం వ్యాసం. 115 అంటే 1.15 మిల్లీమీటర్లు. నకలు పెట్టెలో వచ్చిన 115ని, తర్వాత విడిగా కొన్న అసలు 120ని పక్కపక్కన పట్టుకుని కిటికీ వెలుతురులో చూశాను. 115 రంధ్రమే పెద్దగా ఉంది. నమ్మలేక వైరులోంచి ఒక రాగి తీగ పోగు తీసి రెండింట్లో దూర్చి చూశాను. నకలులో వదులుగా ఆడింది, అసలుదాంట్లో ఒరుసుకుంది. అప్పటిదాకా నేను రాసుకున్న లెక్కలన్నీ గంగలో కలిసినట్టే. ఈ కార్బరేటర్ కొనేవాళ్లు మిగతా ఏం చేసినా చేయకపోయినా, జెట్లు మాత్రం అసలువి కొనండి. కార్బరేటర్ రెండు వేలైతే జెట్లకే దగ్గర దగ్గర వెయ్యి అయింది నాకు.

తర్వాత గొడవ స్లోలో మిశ్రమాన్ని సర్దే స్క్రూతో. ఆటోనగర్‌లో నేను బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, యెజ్డీల కాలం నుంచి ఇదే పని. మొదట వేరే కుర్రాడికి చూపిస్తే, "పెట్రోల్ ఎక్కువ తాగుతోందన్నా, తగ్గిస్తా" అని స్క్రూ లోపలికి బిగించాడు. పొగ ఇంకా ఎక్కువైంది. ఇంకాస్త బిగించాడు, ఇంజన్ ఆగిపోయింది. బాబాయ్ దగ్గరికి తోసుకెళ్తే వంగి చూసి ఒకే మాట అన్నాడు: "ఏటి బాబూ, ఇది గాలి స్క్రూ కదా. గాలి మూసేసి పొగొస్తందంటే ఎలాగ?"

స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్‌ని అదుపు చేస్తుంది, విప్పితే రిచ్ అవుతుంది, అంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువవుతుంది. ఫిల్టరు వైపు ఉంటే గాలిని అదుపు చేస్తుంది, విప్పితే లీన్ అవుతుంది, అంటే పెట్రోల్ తక్కువవుతుంది. పీఈ28కి ఫిల్టరు వైపే. మన ఊళ్లలో చాలామంది చేతికి కంపెనీ కార్బరేటర్లే అలవాటు కాబట్టి ఇక్కడే తలకిందులవుతుంది.

బాబాయ్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ వాడుతున్నాను. ఇంజన్ బాగా వేడెక్కాక స్క్రూ మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట స్లో తనంతట తానే పెరుగుతుంది. అక్కడ ఆపి, ఎన్ని చుట్లు విప్పి ఉందో లెక్కపెట్టాలి. ఒక చుట్టు కూడా లేకపోతే స్లో జెట్ చిన్నది, పెద్దది వేయాలి. రెండున్నర దాటితే జెట్ పెద్దది, తగ్గించాలి. స్లో జెట్ కుదరకుండా మెయిన్ జెట్ జోలికి పోకూడదు. నేను మొదట చేసిందేమో దీనికి సరిగ్గా రివర్సు, టాప్ స్పీడ్ మోజులో.

ఇక అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించింది టపటపలు. ఎక్స్‌లేటర్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్‌లో పటాకులు పేలేవి. అది లీన్ లక్షణమని చదివి స్లో జెట్ 40 నుంచి 42 చేశాను, 45 చేశాను. 45కి స్లోలో పొగ వచ్చింది గానీ పటాకులు ఆగలేదు. మళ్లీ 42. స్లైడుతో పాటు లేస్తూ పెట్రోల్ దారిని తెరిచే సూది ఒకటుంటుంది, దాని క్లిప్పు ఒక గాడి కిందికి దించాను, అంటే సూది పైకి లేచి రిచ్ అవుతుందన్నమాట. సగం ఎక్స్‌లేటర్‌లో బండి గురక పెట్టడం మొదలెట్టింది. మూడు ఆదివారాలు ఇదే. నా గోళ్లన్నీ పెట్రోల్ వాసనే, మా అమ్మ కంచం దూరంగా పెట్టేది.

నాలుగో ఆదివారం బాబాయ్ దగ్గర కూర్చున్నాను. ఆయన జెట్లు అడగలేదు, సైజులు అడగలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి, చిన్న నూనె డబ్బాలో నీళ్లు పోసి, అడాప్టర్ రబ్బరు చుట్టూ ఒక్కో చుక్కా వేసుకుంటూ వచ్చాడు. పైవైపు ఏమీ లేదు. పక్కన ఏమీ లేదు. కింద, క్లాంప్ అంచు దగ్గర చుక్క పడగానే ఇంజన్ శబ్దం మారింది. చుక్క లోపలికి పోయింది. రబ్బరు విప్పి వంచి చూపించాడు, గోరంత చీలిక. వంచకపోతే కంటికి కనిపించదు. నేను మూడు వారాలు జెట్లతో పూడ్చాలనుకున్న కన్నం అదీ. కొత్త రబ్బరు వేశాక 42 స్లో జెట్‌తో, ఒకటిన్నర చుట్లతో స్లో గడియారంలా నిలబడింది. బెండ్ పైపు దగ్గర గ్యాస్కెట్ కూడా మార్చాక పటాకులు దాదాపు పోయాయి. అందుకే ఎవరైనా టపటపలంటే నేను అడిగే మొదటి ప్రశ్న జెట్ సైజు కాదు, ఎయిర్ లీక్ చూశారా అని.

సూది, మెయిన్ జెట్ల పని తర్వాత తేలిగ్గానే అయింది. ఎక్స్‌లేటర్ పిడికి తెల్ల టేపు చుట్టి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకున్నాను. పావు నుంచి ముప్పావు దాకా సూది రాజ్యం, ఆ పైన మెయిన్ జెట్. ఏ గీత దగ్గర బండి అలుగుతోందో చూస్తే ఏది మార్చాలో తెలిసిపోతుంది. తెల్లారి ఐదున్నరకి ఆనందపురం బైపాస్‌లో, వెనక ఏమీ రాకుండా చూసుకుని, ఫుల్ ఎక్స్‌లేటర్‌లో కాసేపు పోయి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఇంజన్ ఆపి ప్లగ్గు విప్పడం. తెల్లగా ఉంటే లీన్, మసిగా ఉంటే రిచ్, పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు. మెయిన్ 118 దగ్గర ఆ రంగు వచ్చింది. మైలేజీ 38కి ఎక్కింది. పొల్యూషన్ కాగితంలో 2.4.

పికప్ పెరిగిందా అంటే, పైన పెరిగింది, కింద తగ్గింది. పల్సర్ కంపెనీ బెండ్ పైపుకి ఎగ్జాస్‌టెక్ అనే చిన్న గది ఉంటుంది, తక్కువ స్పీడులో లాగే శక్తి కోసం పెట్టింది. ఫ్రీ ఫ్లోతో అది పోయింది. ఏ జెట్ వేసినా ఆ శక్తి తిరిగి రాదు. వెనక మనిషిని ఎక్కించుకుని సింహాచలం కొండ ఎక్కినప్పుడు తెలిసొచ్చింది.

అరకు ట్రిప్పులో ఇంకో పాఠం. సముద్రం పక్కన ట్యూన్ చేసిన బండి అనంతగిరి దాటేసరికి బరువెక్కింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, వెయ్యి మీటర్లకి దాదాపు పదో వంతు. పెట్రోల్ మాత్రం ఆ లెక్కన తగ్గదు. గాలికొండ దగ్గర ఆగి గాలి స్క్రూ అర చుట్టు విప్పితే స్లో సర్దుకుంది, ఫుల్ ఎక్స్‌లేటర్‌లో మందకొడితనం అలాగే ఉంది. పక్కనే స్నేహితుడి కంపెనీ కార్బరేటర్ పల్సర్ ఏమీ ఎరగనట్టు ఎక్కేసింది.

కోన్ ఫిల్టరు రెండో వానాకాలానికే తీసేశాను. పోర్టు బొగ్గు ధూళికి నెల తిరక్కుండా నల్లబడేది. పక్కగాలి గట్టిగా కొడితే మిశ్రమం మారిపోయేది. ఒకరోజు గాజువాకలో నిలిచిన నీళ్లలో లారీ పక్కనుంచి పోతే నీళ్లు ఎగిరి ఫిల్టరు మీదే పడి బండి ఆగింది. కంపెనీ ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టాక తెలిసింది, ఆ పెట్టె పని ధూళి ఆపడం ఒక్కటే కాదు, లోపలికి పోయే గాలిని నెమ్మదిగా, నిలకడగా ఉంచుతుంది. ట్యూనింగ్‌లో సగం కష్టం ఆ రోజే తీరింది.

సైలెన్సరు కూడా తర్వాత పోయింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చకూడదు. చట్టం తెలిసి మారానని గొప్పలు చెప్పను. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించారే, ఆ దృశ్యం ఒకటి. ఎదురింటి పసిబిడ్డ నా బండి స్టార్ట్ అయితే ఉలిక్కిపడి ఏడవడం ఇంకొకటి. కంపెనీ సైలెన్సరు వేశాక స్లో 40, మెయిన్ 112 సరిపోయాయి. మైలేజీ 43. కింద లాగే శక్తి తిరిగొచ్చింది. అంటే నేను తగిలించిన మూడింటిలో మిగిలింది కార్బరేటర్ ఒక్కటే. బండి బాగా నడిచిందీ అప్పుడే.

అంతటితో అయిపోయిందనుకుంటే 2025లో బంకుల్లో ఎక్కడ చూసినా 20 శాతం ఇథనాల్ పెట్రోలే. మామూలు పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. కాబట్టి అంతకుముందున్న 10 శాతం ఇథనాల్‌కి కుదిర్చిన జెట్టే 20 శాతానికి కాస్త లీన్ అయిపోతుంది. నాకు ముందు ప్లగ్గు తెల్లబడింది, తర్వాత వేడి ఎక్కువైనట్టు అనిపించింది. 112 తీసి 115 వేశాను. అంకెల్లో తేడా మూడే గానీ రంధ్రం వైశాల్యం ఐదు శాతం పైనే పెరుగుతుంది, సరిగ్గా కావాల్సినంత. గాలి స్క్రూ పావు చుట్టు బిగించాను. మైలేజీ 40 దగ్గర ఆగింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకి ఈ సర్దుబాటు చాలావరకు కంప్యూటర్ చూసుకుంటుంది, మనకి స్క్రూడ్రైవరే కంప్యూటర్. ఇంకోటి, వారం పది రోజులు బండి తీయకపోతే కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె అడుగున తెల్లటి పొడి చేరుతోంది. ఇథనాల్ తేమని లాగుతుంది, మన ఊరి గాలిలో తేమకి కొదవ లేదు, ఈ నకలు లోహమూ గొప్పది కాదు. గిన్నె కిందున్న డ్రెయిన్ బోల్టు నెలకోసారి విప్పి ఖాళీ చేస్తున్నాను. ఆరేళ్లలో స్లైడు కూడా కాస్త అరిగింది, స్లోలో సన్నగా గలగలమంటుంది. ఇంకో రెండేళ్లు వస్తే గొప్పే.

మా తమ్ముడికి వద్దనడానికి కారణం వాడి బండి బాగానే ఉండటం. వాడికి కావాల్సింది పికప్ కాదు, ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ఫొటో. ఆదివారం పూట బండి పక్కన కూర్చుని, ఒక్క మార్పు చేసి, పుస్తకంలో రాసుకుని, మళ్లీ నడిపి చూసే ఓపిక ఉన్నవాళ్లకి రెండు వేలకి ఇంత నేర్పే వస్తువు ఇంకోటి దొరకదు. రోజూ డ్యూటీకి టైముకి పోవాల్సిన బండి ఇదొక్కటే అయితే డయాఫ్రమ్ మార్పించుకోండి.

ఇప్పుడు సెట్టింగ్: స్లో 40, మెయిన్ 115, క్లిప్పు పైనుంచి మూడో గాడి, స్క్రూ ఒకటింపావు చుట్టు. ఈ వారం చలి మొదలైంది, పొద్దున్నే చౌక్ రెండు నిమిషాలు అడుగుతోంది. పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాను. స్క్రూ మాత్రం ముట్టుకోలేదు.