పెళ్లిలో చెమట: సెంటా, రోలానా? కూలరా, ఫ్యానా? ఏది మేలు?

మా తమ్ముడి పెళ్లి మే నెలలో, శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర మా ఊళ్లోనే, ఇంటి ముందు పందిట్లో చేశాం. రాత్రి ముహూర్తం కదా, చల్లగానే ఉంటుందనుకున్నాం. తీరా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి వాడి కల్యాణ తిలకం కరిగి ముక్కు మీదకి జారింది, కంకణం పసుపు తడిసి తెల్ల లాల్చీ మీద మణికట్టు దగ్గర పచ్చగా మరక పడింది. పక్కనున్న పెద్దావిడ ఒకరు "ఏటి బాబూ, తానం చేసి తుడుసుకోలేదేటి?" అనేశారు. ఆవిడ ప్రేమగానే అన్నారు గానీ, ఆ తర్వాత తీసిన ఒక్క ఫొటోలోనూ వాడు చెయ్యి పైకెత్తలేదు. అది చూసి నాకు చాలా బాధేసింది. అందుకే రెండేళ్లకి చెల్లి పెళ్లి కుదరగానే విజయనగరంలో ఒక చర్మవైద్యుణ్ణి కలిసి అన్నీ అడిగి తెలుసుకున్నాం. ఏది పనికొస్తుందో, దేనికి డబ్బు దండగో రాస్తున్నాను.

అసలు చెమట ఒక్క కారణంతో పట్టదు. ఎండకీ ఉక్కకీ ఒళ్లంతా పడుతుంది, టెన్షన్‌కి ముఖ్యంగా అరచేతులు, అరికాళ్లు, చంకలు తడుస్తాయి. పెళ్లిపీటల మీద రెండూ ఒకేసారి వస్తాయి. కాబట్టి ఏసీ హాలు తీసుకున్నా కొందరికి చేతులు తడుస్తూనే ఉంటాయి, అది వాళ్ల తప్పేం కాదు.

అందరూ మొదట కొనేది సెంటు, బాడీ స్ప్రే. ఇవి వాసనని కప్పుతాయి, అంతే. చెమట ఒక్క చుక్క కూడా ఆపవు. చెమటని తగ్గించేది యాంటీపెర్‌స్పిరంట్. వాసన కప్పే డియోడరెంటూ, ఇదీ ఒకేలాంటి రోలాన్ సీసాల్లో దొరుకుతాయి కాబట్టి కొట్లో తిప్పి చూసి, పదార్థాల్లో అల్యూమినియం అన్న మాట ఉంటేనే తీసుకోండి. ఆ లవణాలు చెమట నాళాల నోట్లో చిన్న బిరడాల్లా అడ్డుపడతాయి. అయితే దీన్ని పెళ్లిరోజు పొద్దున స్నానం చేసి హడావిడిగా రాసుకుంటే పెద్దగా లాభం ఉండదు, అప్పటికే చెమట మొదలవుతుంది, మందు కొట్టుకుపోతుంది. రాత్రి పడుకునే ముందు, చంకలు పొడిగా తుడుచుకుని, కాసేపు ఫ్యాను కింద ఆరాక రాయాలి, పొద్దున్నే కడిగేసుకోవాలి. పెళ్లికి ఓ రెండు వారాల ముందే మొదలెడితే మంచిది, పడుతుందో లేదో కూడా తెలుస్తుంది. షేవింగో వ్యాక్సింగో చేయించుకున్న రాత్రి మాత్రం రాయకండి, మంట పుడుతుంది. మామూలుది చాలకపోతే డాక్టర్లు 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ మందు రాస్తారు. అది గట్టిది, దురద, ఎర్రదనం రావొచ్చు, కనుక వాళ్లు చెప్పినట్టే వాడాలి. మా చెల్లికి మామూలు రోలానే సరిపోయింది. సెంటుకీ దీనికీ మధ్య నన్నడిగితే రోలానే, అందులో సందేహం లేదు.

పౌడరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాసేపు పీలుస్తుంది, తర్వాత ముద్దకట్టి జాకెట్టు మీద తెల్లగా తేలుతుంది.

బోటాక్స్ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. చంకల్లో విపరీతంగా చెమట పట్టేవాళ్లకి వీటిని వాడటానికి అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే అనుమతి ఇచ్చింది. పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పట్టొచ్చు, ఫలితం నాలుగు నుంచి ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఖర్చు ఎక్కువ. అరచేతుల్లో అయితే బాగా నొప్పి, కొన్నాళ్లు పట్టు కూడా తగ్గొచ్చు. ఏడాది పొడుగునా చొక్కాలు తడిసిపోయేవాళ్లకి ఇది ఆలోచించదగ్గదే, ఒక్క పెళ్లిరోజు కోసమైతే వద్దంటాను.

మాత్రల సంగతి గట్టిగా చెప్పాలి. గ్లైకోపైరోలేట్ లాంటివి చెమట తగ్గిస్తాయి, కానీ నోరు ఎండిపోతుంది, చూపు మసకబారొచ్చు, పైగా మన మే నెల ఎండల్లో చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడే దారే ఉండదు, వడదెబ్బ దాకా పోతుంది. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొని మింగొద్దు, దయచేసి.

ఇప్పుడు పందిరి దగ్గరికి వద్దాం. తమ్ముడి పెళ్లికి మేం చేసిన పెద్ద పొరపాటు కూలర్లు. రెండు పెద్దవి అద్దెకి తెచ్చి పీటలకి ఎదురుగా పెట్టాం. కూలరు గాలిలోకి నీటి తేమని వదిలి చల్లబరుస్తుంది, పొడిగాలి ఉండే ఊళ్లలో అది బాగా పనిచేస్తుంది. మనది సముద్రపుగాలి, రాత్రిపూట తేమ ఇంకా పెరుగుతుంది, దానికి తోడు కూలరు మరింత తేమ పోస్తే చెమట ఆరదు, ఒళ్లు జిడ్డుగా అంటుకుంటుంది. నీళ్లు చిమ్మే ఫ్యాన్లదీ ఇదే కథ. చెల్లి పెళ్లికి కూలర్లు మానేసి పెడస్టల్ ఫ్యాన్లు నాలుగు తెప్పించాం, తేడా అక్కడికక్కడే తెలిసింది. హోమం వెలిగించేటప్పుడు పంతులుగారు ఫ్యాన్లు కట్టేయమంటారు, నిప్పు కదా, అది తప్పదు. అందుకే ముందే ఆయనతో మాట్లాడి రెండు ఫ్యాన్లు హోమగుండానికి దూరంగా, వధూవరుల వీపు వైపు పక్కకి తిప్పి పెట్టాం, వాటిని మాత్రం ఆపనక్కర్లేదన్నారు.

ఏసీ హాలు దొరికి, భరించగలిగితే అదే మేలు, గాలిలో తేమ కూడా లాగేస్తుంది. కాకపోతే మాట్లాడుకునే ముందే వెళ్లి వేదిక మీద నిలబడి చూడండి. కొన్నిచోట్ల చల్లగాలి అంతా భోజనాల వైపే పోతుంది, వేదిక మీద వీడియో లైట్ల వేడే మిగులుతుంది. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీలు నడుస్తాయో లేదో కూడా అడగండి.

బట్టల్లో పెళ్లికొడుకుకి నా ఓటు పొందూరు ఖాదీకే. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికి నేసే బట్ట అది, వేసుకుంటే గాలి ఆడుతుంది. పాలిస్టర్ కలిసిన షేర్వానీ రిసెప్షన్లో గంట వేసుకుని తీసేయడానికైతే పర్లేదు. బూడిదరంగు, లేత నీలం మీద తడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తెల్లటి మధుపర్కాల మీద అంతగా కనిపించదు. పెళ్లికూతురికి పట్టుచీర ఎలాగూ తప్పదు కాబట్టి జాకెట్టు లోపల కాటన్ లైనింగు వేయించి, చంకల దగ్గర ప్యాడ్లు కుట్టించండి. మా చెల్లికి టైలరమ్మ ఊడదీసి మార్చుకునేలా రెండు జతలు కుట్టి ఇచ్చింది, బాగా అక్కరకొచ్చాయి.

ఉపవాసం ఉన్నా మజ్జిగో, కొబ్బరినీళ్లో ఇంట్లో పెద్దల్ని అడిగి తాగించండి. చెమట తగ్గుతుందని నీళ్లు మానేస్తే కళ్లు తిరుగుతాయి. టీ, కాఫీలు ఆ పూటకి తగ్గించడమే మంచిది. చేతులు ఎప్పుడూ తడిసేవాళ్లు, చెమటతో పాటు గుండెదడ, బరువు తగ్గడం ఉన్నవాళ్లు ముందే డాక్టరుకి చూపించుకోవాలి, థైరాయిడ్ వల్ల కూడా అలా అవుతుంది.

చివరగా ఒక పలుచటి నూలు తువ్వాలు. చెల్లి పెళ్లిలో దాన్ని మడిచి తోటిపెళ్లికూతురి చేతికి ఇచ్చాం, రుద్దొద్దు, అద్దమని చెప్పి. జీలకర్ర బెల్లానికి ముందు ఆ పిల్ల గుర్తుపెట్టుకుని చెల్లి అరచేతులు, నుదురు, మెడ అద్దింది, బుగ్గచుక్క తలంబ్రాల దాకా చెక్కుచెదరలేదు.