హెచ్చరిక: పాస్‌పోర్టులో ఇంటిపేరు లేనివారికి ఆన్‌లైన్‌లో విమాన టికెట్టు కొంటున్నవారు ఇది చదివాకే డబ్బు కట్టండి

ఆన్‌లైన్‌లో విదేశీ విమాన టికెట్టు కొనబోతున్నవారు, ముఖ్యంగా తల్లిదండ్రులకో అత్తమామలకో కొనిపెడుతున్నవారు, డబ్బు కట్టే ముందు మాకు ఎదురైన ఈ అనుభవాన్ని ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. సింగపూరులో ఉన్న మా తమ్ముడి దగ్గరికి పంపడానికి మా అమ్మకు కొన్న టికెట్టు గత నెలలో శంషాబాదు విమానాశ్రయంలో చెల్లలేదు. టికెట్టు అసలైనదే. వీసా ఉంది, పాస్‌పోర్టుకు గడువూ ఉంది. కానీ టికెట్టు అమ్మిన వెబ్‌సైటు ఫారం అడిగిన ఒక ప్రశ్నకు అమ్మ పాస్‌పోర్టులో జవాబు లేదు, జవాబు రాయనిదే ఆ ఫారం ముందుకు కదలలేదు, కదలడం కోసం నేను రాసిన జవాబు పాస్‌పోర్టుతో సరిపోలలేదు.

అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ అన్న చోట ఖాళీ ఉంటుంది, గివెన్ నేమ్ అన్న చోట ఆమె పేరు ఒక్కటే ఉంటుంది. ఇది తప్పుగా ముద్రించిన పాస్‌పోర్టు కాదు. మన దేశంలో పాస్‌పోర్టుకు ఇంటిపేరు తప్పనిసరి కాదు. అమ్మ చదువుకున్న బడి రికార్డులో పేరు ఒక్కటే ఉంది, ఓటరు కార్డులోనూ అంతే, ఆ కాగితాలను బట్టే పాస్‌పోర్టు వచ్చింది. ఆధార్‌లో మాత్రం మా నాన్నగారి ఇంటిపేరు చేరింది. పుట్టింటివారు రాసిచ్చిన పొలం కాగితాలలో మా తాతగారి ఇంటిపేరు ఉంది. అరవై మూడేళ్ల మనిషికి ఇన్ని కాగితాలలో ఇన్ని రకాలుగా పేరు ఉండడం మన ఊళ్లలో వింతేమీ కాదు, మీ ఇంట్లోనూ పెద్దవాళ్ల కాగితాలు ఒకసారి తీసి చూడండి.

ఫారంలో మొదటి గడే టైటిల్. పేరు రాయడానికి ముందే మిస్టర్, మిసెస్, మిస్ అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. అమ్మ నా పక్కనే కూర్చుని ఫోను తెర చూస్తున్నది కనుక, ఏది నొక్కమంటావమ్మా అని అడిగాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఏదో ఒకటి నొక్కు తల్లీ, వాళ్లకు దాంతో ఏం పని" అన్నది. మిసెస్ అని నొక్కడానికి మనసొప్పక మిస్ అని నొక్కాను. పుట్టిన తేదీ రాయగానే ఆ గడి ఎర్రగా మారి, ఈ వయసుకు ఆ టైటిల్ చెల్లదని చూపించింది. ఆ వెబ్‌సైటులో మిస్ అంటే పన్నెండేళ్లలోపు ఆడపిల్ల అని అప్పుడు అర్థమైంది. చివరికి మిసెస్ అనే నొక్కవలసి వచ్చింది.

మన పాత ఉత్తరాలలో, శుభలేఖలలో పెళ్లి కావలసిన అమ్మాయికి చి.ల.సౌ. అనీ, భర్త పోయిన స్త్రీకి గం.భా.స. అనీ రాసేవారు. మగవారికి పెళ్లయినా కాకపోయినా, భార్య ఉన్నా పోయినా మ.రా.రా.శ్రీ (మహారాజ రాజశ్రీ) మారేది కాదు. గంగా భాగీరథీ సమానురాలు అన్న మాట ఎంత గౌరవంగా వినిపించినా, కవరు మీద అది చూసిన ప్రతిసారీ మా అమ్మమ్మ ముఖం ఎలా మారేదో నాకు గుర్తుంది. ఆ రాతలు ఉత్తరాలతోపాటే పోయాయనుకున్నాను, టికెట్టు కొనే చోట మొదటి గడిగా అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది.

అసలు నష్టం తెచ్చింది మూడో గడి. అక్కడ లాస్ట్ నేమ్ రాయాలి. ఖాళీగా వదిలితే ముందుకు పోదు, చుక్క పెడితే ఒప్పుకోదు, ఒక్క అక్షరం రాసినా ఒప్పుకోదు. ఇంటిపేరు లేనివారు ఏం చేయాలో చెప్పే వాక్యం ఆ పేజీలో ఎక్కడా లేదు. ఆధార్‌లో ఉన్నది కదా అని నాన్నగారి ఇంటిపేరు రాశాను. వెంటనే పచ్చని టిక్కు పడింది, డబ్బు కట్టేశాను. ఇక్కడ నా పొరపాటు కూడా ఉంది: పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలన్న మాట పేజీ అడుగున చిన్న అక్షరాలలో ఉన్నది. కానీ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాస్తే, అంటే ఆ గడిని ఖాళీగా వదిలేస్తే, అదే ఫారం ఒప్పుకోదు. ఈ రెండింటినీ ఒకేసారి ఎలా పాటించాలో టికెట్టు అమ్మినవారే చెప్పాలి.

విమానాశ్రయం కౌంటరులో ఉన్న ఉద్యోగిని పాస్‌పోర్టు చూసి, వీసా చూసి, తెర చూసి, "మేడమ్, ఈ ఇంటిపేరు ఈ పాస్‌పోర్టులో లేదు, వీసాలోనూ లేదు" అన్నది. ఆధార్ చూపించాను. విదేశీ ప్రయాణానికి అది పనికిరాదని చెప్పింది, ఆ మాట నిజమే. పేరు సరిదిద్దమంటే టికెట్టు కొన్నచోటే అడగమన్నది. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఆ వెబ్‌సైటు కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. నలభై నిమిషాల తరువాత దొరికిన ఉద్యోగి, పేరు మార్చే వీలు లేదు, రద్దు చేసుకుని కొత్తది కొనుక్కోండి అని చెప్పాడు. నేను పేరు మార్చమని అడగడం లేదు, మనిషి అదే, పాస్‌పోర్టు నంబరు అదే, పుట్టిన తేదీ అదే, మీ ఫారం అదనంగా రాయించిన మాటను తీసేయమంటున్నాను అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

మొదటి టికెట్టు ధర 18,600 రూపాయలు. రద్దు చేస్తే పన్నుల కింద తిరిగి వచ్చినది 2,150. అదే రోజు రాత్రి విమానానికి కౌంటరులో కొన్న కొత్త టికెట్టు 31,200. అంటే ఒక గడి కారణంగా మాపై 29,050 రూపాయలు అదనంగా పడింది, అమ్మ తొమ్మిది గంటలు విమానాశ్రయంలో కూర్చున్నది. కొత్త టికెట్టులో ఆ ఉద్యోగిని రెండు గడులలోనూ అమ్మ పేరే రాసింది, తమ సంస్థ పద్ధతి అదేనట. ముద్రించి ఇచ్చిన బోర్డింగ్ పాసులో అమ్మ పేరు, ఒక గీత, మళ్లీ అమ్మ పేరు, దాని చివర ఖాళీ కూడా లేకుండా అతుక్కుపోయిన మిసెస్ తాలూకు మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. తనిఖీ దగ్గర జవాను ఆ కాగితాన్నీ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టి రెండుసార్లు చూశాడు.

ప్రయాణానికి ఈ టైటిల్ అవసరమా అని నేను అప్పటినుంచీ చదువుతూ, అడుగుతూ ఉన్నాను. అమెరికా వెళ్లే విమానాలకు అక్కడి భద్రతా విభాగం అడిగేది పూర్తి పేరు, పుట్టిన తేదీ, లింగం. ఆ జాబితాలో మిస్టర్, మిసెస్‌లు లేవు. మన రైల్వే టికెట్టు ఫారంలో పేరుకు ఒకటే గడి ఉంటుంది, వయసు, లింగం అడుగుతారు, అందులో ట్రాన్స్‌జెండర్ అన్న ఎంపిక కూడా ఉన్నది. ఇంటిపేరు ముందా వెనుకా అని రైలు ఎవరినీ ఆపదు. ఆధార్‌లోనూ పేరు ఒకటే వరుస.

టైటిల్ వల్ల మేలు కన్నా కీడే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 2020 జూలైలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవికి వెళ్లిన ఒక విమానంలో, మిస్ అని నమోదైన 38 మంది పెద్ద స్త్రీలను కంప్యూటరు చిన్నపిల్లల కింద లెక్కించింది. పెద్ద స్త్రీకి 69 కిలోలు లెక్కవేయవలసిన చోట పిల్లలకు వేసే 35 కిలోలు వేసింది. విమానం లెక్కల్లో కన్నా 1,244 కిలోలు ఎక్కువ బరువుతో ఎగిరింది. ప్రమాదం జరగలేదు గానీ, బ్రిటన్ విమాన ప్రమాద దర్యాప్తు విభాగం దానిని తీవ్రమైన ఘటనగానే పరిగణించింది. మిస్ అంటే పిల్ల అని ఒక దేశంలో, పెళ్లికాని స్త్రీ అని మరో దేశంలో అర్థం కావడమే అందుకు కారణం. మా అమ్మ పుట్టిన తేదీ గడి ఎర్రబడినదీ ఈ అయోమయం వల్లే.

ఫ్రాన్సులో ఆన్‌లైన్‌లో రైలు టికెట్టు కొనేవారు మెస్యూ, మదామ్ అనే రెండింటిలో ఒకటి తప్పక ఎంచుకోవాలన్న నిబంధనపై ఒక సంఘం ఫిర్యాదు చేసింది. అక్కడి సమాచార రక్షణ సంస్థ దానిని తోసిపుచ్చగా, వ్యవహారం ఐరోపా సమాఖ్య న్యాయస్థానం దాకా వెళ్లింది. ప్రయాణికుడిని గమ్యం చేర్చడానికి ఆ వివరం అత్యవసరం కాదనీ, అందరికీ వర్తించే మర్యాద మాటతో ఉత్తరం రాసుకోవచ్చుననీ 2025 జనవరి 9న ఆ న్యాయస్థానం తేల్చింది. ఆ తీర్పు మనకు వర్తించదు. కానీ మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరో సెక్షను కూడా, చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే సమ్మతి పరిమితమని అంటున్నది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సంస్థల ముఖ్య బాధ్యతలు అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. టైటిల్ గడిని ఐచ్ఛికం చేయడానికి అంతకాలం ఆగవలసిన పని లేదు.

ఇంటిపేరు సంగతి మన తెలుగువారికి మరీ చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. పాములపర్తి వెంకట నరసింహారావు అన్న పేరును ఫస్ట్, మిడిల్, లాస్ట్ అనే మూడు గడులలో పెట్టమంటే, వరుస చూసి నింపినవారు పాములపర్తిని ఫస్ట్ నేమ్ చేస్తారు, అర్థం చూసి నింపినవారు లాస్ట్ నేమ్ చేస్తారు. ఏళ్లుగా మనం నింపిన పాన్ కార్డు ఫారం 49ఏలో శ్రీ, శ్రీమతి, కుమారి గడులుండేవి, లాస్ట్ నేమ్ తప్పనిసరిగా ఉండేది, పొడి అక్షరాలు కుదిరేవి కావు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోతే అమెరికా వీసాలో మన పేరే ఇంటిపేరవుతుంది, పేరున్న చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఇక దుబాయి వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పాస్‌పోర్టులో ఒకటే పేరున్నవారిని విజిట్ వీసాపై అనుమతించబోమని 2022 నవంబరు 21 నుంచి యూఏఈ నిబంధన పెట్టింది, రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని తరువాత వివరణ ఇచ్చింది. నిజామాబాదు, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలవారు టికెట్టుకన్నా ముందే ఇది చూసుకోవాలి.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మూడో లింగాన్ని గుర్తించాక పాన్ ఫారంలోనూ 2018లో ఆ గడి వచ్చింది. అలా గుర్తింపు పత్రం ఉన్న మనిషి కూడా ఇలాంటి వెబ్‌సైటులో మిస్టర్, మిసెస్‌లలో ఒకటి నొక్కక తప్పదు. మా అమ్మకు ఒక్కరోజు కలిగిన ఇబ్బంది వారికి కొన్న ప్రతి టికెట్టుతోనూ కలుగుతుంది.

ఇప్పుడు కొనబోయేవారికి నేను చెప్పేది ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉంటే వెబ్‌సైటులో ఊహించి నింపకండి. ఆ విమాన సంస్థకే ఫోను చేసి, ఒకటే పేరున్నవారికి ఏ గడిలో ఏమి రాయమంటారో అడగండి. ఒక సంస్థ అదే పేరును రెండుసార్లు రాయమంటుంది, మరొకటి ఎఫ్ఎన్‌యూ అని రాయమంటుంది. వారి జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకోండి. సాధ్యమైతే మధ్యలో మరో వెబ్‌సైటు లేకుండా విమాన సంస్థ దగ్గరే కొనండి. ఎందుకంటే విమాన సంస్థ వెబ్‌సైటులో నేరుగా కొన్న టికెట్టులో అదే మనిషి పేరు తప్పుపడితే, 24 గంటల్లో చెప్పినవారికి రుసుము లేకుండా సరిదిద్దాలన్నది మన పౌర విమానయాన నిబంధన. టైటిల్ గడిలో కొన్ని వెబ్‌సైటులు ముందే మిస్టర్ అని పెట్టి ఉంచుతాయి కనుక సాయి, జ్యోతి, కిరణ్ వంటి పేర్లవారు దానిని ప్రత్యేకంగా చూసుకోవాలి. గడి ఒప్పుకోని ప్రతిసారీ తెర ఫొటో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు, ఫిర్యాదు రాసేటప్పుడు ఆ ఫారాన్ని మళ్లీ మొదటినుంచీ నింపి తీయవలసి వచ్చింది.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాను. వెబ్‌సైటువారు 2,000 రూపాయల కూపను ఇస్తామన్నారు, తీసుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే రుసుము ఉండదు, గడువు రెండేళ్లు. ఆ కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అమ్మ తిరుగు టికెట్టును విమాన సంస్థ కార్యాలయానికి వెళ్లి, పాస్‌పోర్టు ప్రతి బల్ల మీద పెట్టి, అక్షరం అక్షరం చూసి కొన్నాను. మీలో ఎవరైనా నిన్నో ఈ రోజో నేరుగా విమాన సంస్థ వెబ్‌సైటులో టికెట్టు కొని ఉంటే, పాస్‌పోర్టు తీసి ఇప్పుడే పోల్చి చూడండి, ఆ 24 గంటలు ఇంకా దాటి ఉండకపోవచ్చు.