ఆరేళ్ళుగా సోషల్ మీడియాలో కథలు రాస్తాండా, 5కి మూడున్నర స్టార్లు ఇస్తా

హోటళ్ళకీ మిక్సీలకీ రివ్యూలు రాస్తారు కదా, నేను దినామూ వాడే సరుకు ఇదే కాబట్టి దీనికి రాస్తాండా. మాది కడప, పగలు షాపులో లెక్కలు, రాత్రి కథలు.

ముందు బాగుండేది చెప్తా. పత్రికకి కథ పంపితే నెలలకొద్దీ ఎదురుచూపు, తీరా అచ్చయినాక చూస్తే 'యాడికి పోతాండావ్' కాస్తా 'ఎక్కడికి వెళుతున్నావు' అయ్యుంటాది, మా జేజి టీవీ యాంకర్ మాదిరి మాట్లాడతాంటాది. ఇక్కడ ఆ బాధ లేదు, ఎట్ల టైప్ చేస్తే అట్లే పోతాది. ఒకసారి మా అబ్బ (తాత) కపిల, అంటే ఎద్దుల్తో బావిలోంచి నీళ్ళు తోడేది, తోలిన కథ పెడితే కువైట్లో డ్రైవర్ పని చేసే రాయచోటి ఆయన, ఎవురో ఏమో, వాళ్ళ నాయన పాడే కపిల పాట వాయిస్ మెసేజ్‌లో పాడి పంపినాడు, వెనకాల ఏసీ సౌండు, గొంతు వణుకుతాంది. దాంట్లో రెండు మాటలు నేనెప్పుడూ విన్లేదు, అడిగి తెలుసుకొని కథ మళ్ళా రాసినా. ఈ ఒక్కదానికే మూడు స్టార్లు ఇచ్చేసినా.

ఇంక తలనొప్పులు. మూడు నాలుగు లైన్లకే 'సీ మోర్' అని మడిచేస్తాది కాబట్టి జనం ఆగాలంటే మొదటి వాక్యంలోనే ఎవుర్నో ఒకర్ని చంపాల్సి వస్తాది, పోయిన సంవత్సరం నేను రాసిన కథల్లో సగం పీనుగతోనే మొదలైనాయి, నాకే ఎబ్బెట్టుగా ఉండాది. ట్విట్టర్ అయితే 2017లో ఒక పోస్టుకి 140 అక్షరాల నుంచి 280కి పెంచినారు గానీ దాని లెక్క వేరే, గుడింతానికీ ఒత్తుకీ విడివిడిగా లెక్కేస్తాది, 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తే ఆరు పోతాయి. పుస్తకం వేద్దామని పాత కథలు వెతికితే సగం దొరకనే లేదు, దొరికినవి డీటీపీ ఆయనకిస్తే ఆయన ఫాంటు యూనికోడ్ కాదంట, మార్చేసరికి ఒత్తులన్నీ రాలిపోయి అబ్బ కాస్తా 'అబ' అయినాడు. (ముందే వేరేగా సేవ్ చేసుకోండప్పా.)

అరస్టార్ కోసింది మాత్రం దొంగతనానికి. ఆ కపిల కథే ఎవురో నా పేరు తీసేసి ఫార్వర్డ్ చేసినారు, అది ఎన్ని గ్రూపులు తిరిగిందో గానీ ఒకపొద్దు మా చిన్నమ్మ నాకే పంపి, 'చూడ్రా ఎంత బాగా రాసినాడో, నువ్వూ ఇట్లాంటివి రాయరాదా' అనింది. అది నాదే చిన్నమ్మా, దాంట్లో ఉండేది మా అబ్బే అంటే నమ్మల్యా.

'నీ పేరు యాడుంది దాంట్లో?'